అప్‌డేట్: అద్దె టెంట్ లోపల తడి, సంగతి తేలింది

పోయిన నెల ఇక్కడే అడిగాను కదా, ఒడిశాలో కొరాపుట్ దగ్గర దేవమాలి కొండ మీద పడుకుంటే వాన చుక్క పడకపోయినా అద్దె టెంట్ లోపలంతా తడిసిపోయిందని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. టెంట్ కారలేదు, అది మా ఊపిరే!

జయపురం తిరిగొచ్చాక షాపతనితో గొడవకే వెళ్లాను, వెయ్యి రూపాయల డిపాజిట్ పోతుందన్న టెన్షన్ ఒకటి. ఆయన ఏమీ అనకుండా డాబా మీద టెంట్ వేసి, కుట్ల మీద బకెట్ నీళ్లు కుమ్మరించి, లోపల చేత్తో తడిమి చూడమన్నాడు. పొడిగా ఉంది. చలికి మేమే వెంట్లు (టెంట్‌లో గాలి ఆడే కంతలు), జిప్పులు అన్నీ బిగించేశాం, ముగ్గురి ఊపిరిలోని ఆవిరి చల్లబడ్డ గుడ్డకు తగిలి నీళ్లయింది. 1,672 మీటర్ల ఎత్తు, జనవరి చలి మరి.

'వెంట్లు తెరిచి పడుకోండి' అన్న సలహానే పనిచేసింది. మొన్న శనివారం మళ్లీ అక్కడికే వెళ్లి రెండు వెంట్లూ తెరిచాం, పై కవరు లోపలి గుడ్డకు అంటుకోకుండా తాళ్లు లాగి కట్టాం. తెల్లారి పై కవరుకు కాస్త చెమ్మ, అంతే. చలి మాత్రం ఎక్కువైందని మా బావమరిది రాత్రంతా సణుగుతూనే ఉన్నాడు. 450 పెట్టి కొన్న వాటర్‌ప్రూఫ్ స్ప్రే దండగ, మూత కూడా తీయలేదు. డిపాజిట్ మొత్తం తిరిగొచ్చింది.