టీమ్ లీడ్ అయ్యాక బగ్గులు తగ్గట్లేదు, టీమ్‌లో హుషారు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గచ్చిబౌలి_లీడ్:

అందరికీ నమస్కారం. కొన్నేళ్లు డెవలపర్‌గా చేసి, మొన్న ఏప్రిల్‌లో టీమ్ లీడ్ అయ్యాను. హైదరాబాద్ ఆఫీసు, అమెరికా క్లయింటు. వాళ్ల గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. ఆరుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు.

రిలీజ్ ఇచ్చిన ప్రతిసారీ ఆ తర్వాతి వారమంతా బగ్గులకే సరిపోతోంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి లేస్తోంది. సోమవారం మీటింగులో మా మేనేజర్ గారు ఎక్సెల్ షీట్ తెరిచి ఎవరి పేరు మీద ఎన్ని బగ్గులున్నాయో పైకి చదువుతారు. రాత్రి క్లయింటు కాల్‌లో ఏదో ఒక కొత్త పని వచ్చి పడుతుంది. సర్వర్ల నుంచి అలర్ట్ మెయిళ్లు రోజూ వందల్లో వస్తుంటే, అవి నేరుగా ఒక ఫోల్డర్‌లోకి పోయేలా రూల్ పెట్టుకున్నాం. దాన్ని ఎవరూ తెరవరు.

"పిల్లల్ని మోటివేట్ చెయ్యి" అంటున్నారు పైవాళ్లు. టీమ్ లంచ్ పెట్టాం, స్పాట్ అవార్డులు ఇచ్చాం. బిర్యానీ తిన్నంతసేపూ బాగానే ఉంటారు, మర్నాడు మళ్లీ మామూలే. ఇద్దరు మంచి డెవలపర్లు వేరే ఆఫర్లు చూస్తున్నారని తెలిసింది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ముందు దేన్ని పట్టుకోవాలి?

కోడ్_రాజా:

టెస్ట్ ఆటోమేషన్ పెట్టించండి బ్రో, టెస్టులు ప్రోగ్రామే నడుపుతుంది. మాకు సగం గోల దానితోనే తగ్గింది.

పాత_మేనేజర్_కాకినాడ:

బాబూ, ఆటోమేషన్ మంచిదే, పెట్టండి. కానీ మీరు రాసింది చూస్తే ముందు చేయాల్సింది వేరే ఉంది. వైటూకే రోజుల్లో (2000 రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయని భయపడిన కాలం) కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలు వెతకడంతో నా ఉద్యోగం మొదలైంది, డెలివరీ హెడ్‌గా రిటైరయ్యాను. మధ్యలో రకరకాల టీమ్‌లు చూశాను. మీరు క్వాలిటీ, ఫోకస్, మోటివేషన్ అని మూడు సమస్యలుగా చూస్తున్నారు. నాకు మాత్రం ఒకటే కనిపిస్తోంది: మీ టీమ్‌లో ఏ పనీ పూర్తిగా అవ్వట్లేదు. సగంలో ఆపించిన పనిలోంచే బగ్గులు వస్తాయి, సగం పనులు చేసీ చేసీ మనిషికి విసుగొస్తుంది.

మొదట ఆ సోమవారం షీట్ సంగతి. పేరు పక్కన బగ్గుల సంఖ్య పెట్టి నలుగురిలో చదివితే ఏమవుతుందో నేను పనిచేసిన ఒక చోట కళ్లారా చూశాను. టెస్టర్ బగ్గు పట్టుకోగానే డెవలపర్ కుర్చీ లాక్కుని పక్కన చేరేవాడు. "అక్కా, దీన్ని లాగ్ చేయకు, ఇప్పుడే చూసేస్తా, పది నిమిషాలు." ఆ పది నిమిషాల్లో మూలం వెతకడు, పైపైన ఒక ఇఫ్ కండిషన్ తగిలించి పంపేస్తాడు. రికార్డులో బగ్గు ఉండదు, నెల తిరక్కుండా అదే ఇంకో రూపంలో లేస్తుంది. ఇంకో పక్క టెస్టర్లకి ఎన్ని పట్టుకుంటే అంత మంచి రేటింగ్. బటన్ రంగు, స్పెల్లింగ్, ఫుల్‌స్టాప్, ఏది దొరికితే అది లాగ్ చేసేవారు. షీట్‌లో అంకెలు బాగానే ఉండేవి, కస్టమర్ మాత్రం తిడుతూనే ఉండేవాడు. ఆ చదవడం ఆపమని మీ మేనేజర్ గారికి చెప్పలేకపోతే, పేర్ల కాలమ్ తీసేసి "ఏ భాగంలో" అనే కాలమ్ పెట్టండి. ఎక్కువ బగ్గులు ఏ రెండు మూడు ఫైళ్ల చుట్టూ తిరుగుతున్నాయో త్వరలోనే తెలుస్తుంది. చాలా టీమ్‌లలో అంతే ఉంటుంది.

(కాగితం క్వాలిటీ కూడా చూశాం లెండి. అమెరికా రక్షణ శాఖ కోసం కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో తయారైన సీఎంఎం (సంస్థ పని పద్ధతుల్ని లెవెళ్లుగా కొలిచే ప్రమాణం), మన దేశంలో రిసెప్షన్ గోడ మీద "లెవెల్ 5" బోర్డుగా మారిన కాలం అది. ఆడిట్ ముందు రోజు రాత్రి కూర్చుని మూడు నెలల రివ్యూ ఫారాలు నింపినవాళ్లు నాకు తెలుసు. పద్ధతి మంచిదే, కానీ ఆ ఫారాలకీ కోడ్‌కీ సంబంధం ఉండేది కాదు.)

ఇక ఫోకస్. మీ ఆరుగురి చేతుల్లో ఇవాళ మొదలుపెట్టి పూర్తికాని పనులు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఊరికే ఒక లెక్క వేస్తా: 18 పనులు చేతిలో ఉండి, వారానికి 3 పూర్తవుతుంటే, ఒక్కో పనికి సగటున 6 వారాలు పడుతుంది. దీన్ని లిటిల్స్ లా అంటారు. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో దీనికి రుజువు ఇచ్చారు. అదే మనుషులు, అదే వేగం, చేతిలో 6 పనులే ఉంటే 2 వారాలు. నిజానికి వేగం కూడా పెరుగుతుంది, ఎందుకంటే పొద్దున్న ఒక ప్రోగ్రామ్, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి కాల్ తర్వాత మూడోది పట్టుకునేవాడికి ఎక్కడ ఆపాడో గుర్తు తెచ్చుకోవడానికే పొద్దు పోతుంది. మనిషికి ఒక పని, పూర్తయ్యాకే రెండోది. పూర్తవడం అంటే టెస్టయి, రిలీజ్‌కి సిద్ధంగా ఉండటం. "నా వైపు అయిపోయింది" అంటే అవ్వనట్టే.

అలర్ట్ మెయిళ్ల ఫోల్డర్ సంగతి చదివి నాకు నిజంగా భయం వేసింది. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థకి జరిగింది మీ టీమ్ మొత్తానికీ చెప్పండి. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో పెట్టాలి. ఏడింటిలో పెట్టారు, ఒకటి మర్చిపోయారు. రెండో మనిషి సరిచూసే ఏర్పాటు లేదు. ఆ ఒక్కదాంట్లో 2003లోనే వాడటం మానేసిన పాత ప్రోగ్రామ్ ఇంకా పడి ఉంది. కొత్త కోడ్ కోసం వాడుకున్న ఫ్లాగ్ (ప్రోగ్రామ్‌ని ఆన్ చేసే గుర్తు), ఒకప్పుడు ఆ పాతదాన్ని నడిపిన ఫ్లాగే. మార్కెట్ తెరవగానే అది లేచి కూర్చుని ఆగకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. కంగారులో మిగతా ఏడింటిలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో వాటిలోనూ పాత ప్రోగ్రామే మిగిలి, అవీ పాత పాటే అందుకున్నాయి. 45 నిమిషాల్లో 40 లక్షల లావాదేవీలు, 46 కోట్ల డాలర్ల పైన నష్టం. దీని మీద అక్కడి నియంత్రణ సంస్థ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో నన్ను ఆపేసింది ఇంకో ముక్క: ఆ పొద్దున మార్కెట్ తెరవకముందే వాళ్ల సిస్టమే 97 మెయిళ్లు పంపింది, వాటిలో ఆ పాత ప్రోగ్రామ్ పేరు కూడా ఉంది. అలాంటి మెయిళ్లు ఎవరూ చూడరు కాబట్టి ఇవీ చూడలేదు.

మీ ఫోల్డర్‌లో ఏముందో ఒక పూట కూర్చుని చూడండి. ఎవరూ ఏమీ చేయక్కర్లేని అలర్టుల్ని పంపించడమే ఆపేయండి. మిగిలినవాటికి ఒక్కోదానికి ఒక మనిషి పేరు ఉండాలి.

మోటివేషన్ గురించి నాకు లెక్చర్లు రావు, ఒక సంగతి చెప్తాను. ఒకప్పుడు మా టీమ్ ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేది. బిల్లు మొత్తంలో పైసల తేడా వస్తుందని ఒక బగ్గు, ఏడాది పైగా లిస్టులో అట్టడుగున పడి ఉంది. ఎవరికీ పట్టలేదు. పైసలే కదా. ఇద్దరు కుర్రాళ్లని కోస్తాలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లి బిల్లింగ్ కౌంటర్ వెనక స్టూళ్ల మీద కూర్చోబెట్టాను. మాట్లాడొద్దు, చూడండి అన్నాను. డిశ్చార్జిల వేళ. కౌంటర్లో అమ్మాయి ప్రతి బిల్లుకీ స్క్రీన్ మీద మొత్తం చూసి, పక్కన క్యాలిక్యులేటర్ మీద మళ్లీ కూడి, తేడాని పెన్సిల్‌తో ఒక రూళ్ల పుస్తకంలో రాసుకుంటోంది. ఎందుకమ్మా అంటే, రాత్రి క్యాష్ లెక్క తేలకపోతే తన చేతి డబ్బు వేసుకోవాలట. కిటికీ అవతల చేతికి ప్లాస్టర్ ముక్కతో ఒక పెద్దాయన, పక్కన ఆయన కొడుకు ఆటో అతనికి ఫోన్లో "ఇదిగో అయిపోయింది, వస్తున్నాం" అంటూ. లైనులో వాళ్ల వెనక ఇంకా చాలామంది ఉన్నారు.

మా ప్రోగ్రామ్ ఒక్కో ఐటమ్ మీద డిస్కౌంట్ లెక్కగట్టి, అక్కడికక్కడే రౌండ్ చేసి, తర్వాత కూడేది. రసీదు ముద్రించే భాగం ముందు కూడి, చివర్లో రౌండ్ చేసేది. అంతే తేడా. తిరుగు ప్రయాణంలో బస్సులోనే ల్యాప్‌టాప్‌లు తెరిచారు ఇద్దరూ. నేను ఒక్క మాట అనలేదు. తర్వాత కౌంటర్‌కి సంబంధించిన ఏ మార్పు వచ్చినా వాళ్లే ఫోన్ చేసి ఆ అమ్మాయిని అడిగేవారు.

మీ గోదాములు అమెరికాలో ఉన్నాయి, తీసుకెళ్లలేరు. అక్కడి షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని ఒక అరగంట వీడియో కాల్‌లో తన స్క్రీన్ చూపిస్తూ పని చేయమని అడగండి. మేనేజర్లు వద్దు, పని చేసే మనిషి కావాలి. మీ డెవలపర్లు అందరూ ఆ కాల్‌లో ఉండాలి.

వైజాగ్_టెస్టర్:

మేనేజర్ గారూ, "అక్కా, లాగ్ చేయకు" చదివి నవ్వాగలేదు. ఆ అక్కని నేనే అనుకోండి.

లీడ్ గారూ, టెస్టర్ల వైపు నుంచి ఒక మాట. మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు? అన్నీ అయిపోయాక, రిలీజ్‌కి ఒక రోజు ముందు. అప్పుడు బగ్గు చెప్తే అందరికీ మేమే విలన్లు. క్లయింటు కొత్త పని చెప్పిన రోజే మీ ఇద్దరు టెస్టర్లనీ కూర్చోబెట్టండి. మీది సరుకు లెక్కలే కాబట్టి అడుగుతున్నా: సరుకు పెట్టెల్లో వస్తుంది, విడిగా అమ్ముడవుతుంది. అరపెట్టె వాపసు వస్తే మీ సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా లెక్కిస్తుంది? ఇలాంటి ప్రశ్న కోడ్ రాయకముందు అడిగితే ఐదు నిమిషాల మాట. రాశాక అడిగితే మూడు రోజుల పని, పైగా గొడవ.

ఎస్క్యూఎల్_శాస్త్రి:

అన్నీ వినడానికి బాగున్నాయి సార్. కానీ మనది సర్వీసెస్. గంటలకి బిల్లు. రాత్రి కాల్‌లో క్లయింటు పని చెప్తే "మా చేతిలో ఆరే పనులుంటాయి" అని ఎవరంటారు? అన్నవాడికి ఇయర్ ఎండ్ రేటింగ్‌లో తెలుస్తుంది. బెల్ కర్వ్‌లో, అంటే రేటింగులు ముందే కట్టిన వాటాల ప్రకారం పంచేటప్పుడు, ఎవరో ఒకరిని కింద పడేయాలి కదా.

పాత_మేనేజర్_కాకినాడ:

శాస్త్రి గారూ, బెల్ కర్వ్ విషయంలో మీతో వాదించను. పక్కవాడికి సాయం చేస్తే నా రేటింగ్ పోతుందేమో అనిపించే చోట ఏ లీడ్ అయినా చేయగలిగింది కొంతే. మైక్రోసాఫ్ట్ అంతటిదే 2013 నవంబరులో ఆ పద్ధతి వదిలేసింది. ఇంకా పట్టుకు వేలాడేవాళ్లు ఉన్నారు. అది టీమ్ లీడ్ చేతిలో లేని సంగతి.

క్లయింటు విషయం మాత్రం వేరు. "కుదరదు" అనమని నేను చెప్పను, నేనూ ఎప్పుడూ అనలేదు. చేతిలో ఉన్న పనులన్నీ ఒకే పేజీలో వరుసగా రాసి కాల్‌లో స్క్రీన్ మీద పెట్టేవాణ్ణి. కొత్త పని చెప్పగానే, "తప్పకుండా. ఇది ఎన్నో నంబరులో పెట్టమంటారు?" అని అడిగేవాణ్ణి. పైన పెట్టమంటే ఏది కిందికి జరుగుతుందో ఆయన కళ్ల ముందే జరిపేవాణ్ణి. సగం సార్లు "సరే, ఇది తర్వాత చూద్దాం" అనేవారు. గంటల బిల్లు అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. మొత్తం పనికి ముందే ధర కుదిరే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో ఇది అంత తేలిక కాదు, ఒప్పుకుంటాను. అక్కడ ఒప్పందంలో ఏం రాశారన్నదే అన్నిటికంటే ముఖ్యం.

కోడ్_రాజా:

"ఎన్నో నంబరులో పెట్టమంటారు" రేపు కాల్‌లో వాడేస్తున్నా సార్.

గచ్చిబౌలి_లీడ్:

అందరికీ థాంక్స్. ఇవాళ లెక్కపెట్టాను. ఆరుగురి చేతిలో కలిపి 23 పనులు మొదలై ఉన్నాయి. అందులో నాలుగు ఎవరు అడిగారో కూడా ఎవరికీ గుర్తు లేదు. అరపెట్టె వాపసు ప్రశ్న టీమ్‌లో అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, టెస్టర్ గారికి ప్రత్యేకంగా థాంక్స్.

ఇంకొక్కటి. వెళ్లిపోవాలనుకుంటున్న ఆ ఇద్దరితో ఏం మాట్లాడాలి? హైక్ నా చేతిలో లేదు.

పాత_మేనేజర్_కాకినాడ:

ఇద్దరితో కలిపి కాదు, విడివిడిగా మాట్లాడండి. ఎందుకు వెళ్తున్నారని అడగొద్దు, డబ్బు అని చెప్పి ఊరుకుంటారు. గత ఆరు నెలల్లో చేసిన పనిలో ఏది తన సొంతంగా, మొదటి నుంచి చివరి దాకా చేశాననిపించిందో అడగండి. ఏదీ లేదంటే, ఆ 23లోంచి ఒకటి తననే ఎంచుకోమనండి, మిగతావి తన మీద నుంచి తీసేయండి, రాత్రి కాల్స్‌కి కూడా తను రానక్కర్లేదు. అది నిజంగా చేసి చూపించండి. మాటిచ్చి మళ్లీ వచ్చే వారం అర్జెంటు అని ఇంకోటి అంటగడితే మాత్రం, అసలు మాట్లాడకపోవడమే నయం.

అప్పటికీ ఒకరు వెళ్తే వెళ్లనివ్వండి. ఆ నోటీస్ పీరియడ్‌లో కొత్త ఫీచర్ ఏదీ అప్పజెప్పకండి. వెళ్లేలోపు అలర్ట్ ఫోల్డర్ మీద కూర్చోబెట్టండి, ఏ అలర్ట్ దేనికో మీ టీమ్‌లో తెలిసింది బహుశా ఆ మనిషికే అయ్యుంటుంది.