వీల్‌చైర్ ఎక్కే ట్యాక్సీ: ఎల్లో బోర్డు బండికి ఏ మార్పు చెల్లుతుంది, ఏది చెల్లదు (కర్నూలు, అనంతపురం, కడప)

హంద్రీ_క్యాబ్ (కర్నూలు):
మారుతి ఈకో వ్యాన్, ఎల్లో బోర్డు. వెనక సీటు తీయించి, డిక్కీ వైపు ర్యాంపు పెట్టించి, మనిషిని వీల్‌చైర్‌తో పాటే ఎక్కించుకునేలా చేయాలని ఆలోచన. పెద్దాసుపత్రికి, ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకు, హైదరాబాదుకు అడిగేవాళ్లు ఉన్నారు. 2019లో చట్టం మారింది కాబట్టి షెడ్డులో ముందు పని చేయించేసి, తర్వాత ఆర్‌సిలో ఎక్కించుకోవచ్చని అంటున్నారు. ట్యాక్సీకి ఇది వర్తిస్తుందా?

పర్మిట్_పేపర్లు (అనంతపురం):
వర్తించదన్నా. ఆ సవరణను సగం చదివి చెప్తున్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం, సొంత బండిని ‘అడాప్టెడ్ వెహికల్’గా మార్చుకుని ఆమోదం తర్వాత తీసుకోవచ్చు. అయితే ఆ మాటకు అర్థం రెండో సెక్షన్‌లో ఉంది: వైకల్యం ఉన్న మనిషే వాడేది, లేదా ఆ మనిషి కోసం మాత్రమే వాడేది. రోజుకో పాసింజరును ఎక్కించే ట్యాక్సీ అందులో ఇమడదు.

నీ బండి వచ్చేది 52(1) కిందికి. కంపెనీ చెప్పిన వివరాలకూ ఆర్‌సిలో ఉన్నవాటికీ తేడా వచ్చే మార్పు చేయకూడదు. సీట్ల సంఖ్య ఆర్‌సిలో ఉంటుంది కదా, సీటు శాశ్వతంగా పీకేస్తే అక్కడే తేడా వచ్చేసింది. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. దొరికితే 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్నది గమనించు. సీటు ఒకటి, తలుపు ఒకటి, ఫ్లోరు ఒకటిగా లెక్క పెరుగుతుంది.

హంద్రీ_క్యాబ్:
మరి దారేంటి సార్?

పర్మిట్_పేపర్లు:
రెండున్నాయి. ఒకటి, వీల్‌చైర్ ఏర్పాటుతోనే టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ముందే ఇచ్చే ప్రభుత్వ ఆమోదం) ఉన్న బండిని కొని ట్యాక్సీగా రిజిస్టర్ చేయించడం. ఖర్చు ఎక్కువే, కానీ ఏ ఎఫ్‌సిలోనూ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షలో) తంటా ఉండదు. రెండోది, ఫ్లోరుకు వెల్డింగ్ పడకముందే ఆర్‌టీఓ ఆఫీసుకు పోవడం. కొలతలతో డ్రాయింగు, ర్యాంపు, బెల్టుల కిట్ కంపెనీ ఇచ్చిన టెస్ట్ రిపోర్టు, పాత ఆర్‌సి, పర్మిట్, ఇన్సూరెన్స్ పట్టుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను కలవాలి. బండి ఫైనాన్స్‌లో ఉంటే వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు కూడా కావాలి. సరేనంటే కాగితం మీద తీసుకో, నోటిమాటతో షెడ్డుకు పోవద్దు. సీట్లు మారితే పర్మిట్ కూడా చూసుకోవాలి. డ్రైవరు కాక 6 మంది వరకు మోటారు క్యాబ్, 7 నుంచి 12 వరకు మ్యాక్సీ క్యాబ్.

ఆమోదం చేతికొచ్చాక ఇన్సూరెన్స్‌లో ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు రాయించడం) వేయించడం మరవొద్దు. మార్పు చెప్పకుండా పాలసీ నడిపిస్తే క్లెయిమ్ రోజు తిప్పలు తప్పవు.

ఎఫ్‌సి విషయంలో తేడా లేదు: 8 ఏళ్ల లోపు ట్రాన్స్‌పోర్టు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

సి_క్యాంపు_షెడ్డు (కర్నూలు):
ఆమోదం వచ్చాక పని ఎలా చేయాలో నేను చెప్తా. అందరూ ర్యాంపు దగ్గరే పొరపాటు పడతారు. భవనాలకు చెప్పే 1:12 వాలు బండికి కుదరదు. ఫ్లోరు నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉంటే దానికి దాదాపు 540 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. అంత పొడవు ఎక్కడ మడుస్తాం? 180 సెంటీమీటర్లది పెడితే, మనిషీ కుర్చీ కలిసి 90 కిలోలనుకుంటే, తోసేవాళ్లు 22 కిలోల పైన బలం పెట్టాలి. అదే 270 అయితే 15 కిలోలు చాలు. ఇంట్లో పెద్దావిడ ఒక్కరే తోడుగా వచ్చే ట్రిప్పులు ఎన్నో ఉంటాయి. కాబట్టి మూడు మడతలదైనా సరే, 270కి తగ్గొద్దని నా మాట.

ర్యాంపు వెడల్పు 75 నుంచి 80 సెంటీమీటర్లు, రెండు పక్కలా 5 సెంటీమీటర్ల అంచు ఉండాలి. రెండు విడివిడి పట్టాల ర్యాంపు వద్దు, ముందరి చిన్న చక్రాలు పక్కకు తిరిగి జారిపోతాయి. పైకొస బంపరు మీద ఊరికే ఆనించి వదిలేస్తే, తోసేటప్పుడు ర్యాంపు వెనక్కి జారుతుంది, కుర్చీ ముందు చక్రాలు సందులో దిగబడతాయి. పిన్ను వేసి లాక్ చేయాల్సిందే.

తలుపు ఎత్తు టేపుతో కొలవండి. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తల నేల నుంచి 130, 135 సెంటీమీటర్ల దాకా వస్తుంది. తలుపు సందు 140కి తక్కువైతే మెడ వంచుకుని ఎక్కాలి. వెన్నెముక దెబ్బ తిన్నవాళ్లకు అది ప్రమాదం.

డ్రిల్లు పెట్టే ముందు బండి ఎత్తి, పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడ పోతున్నాయో చూడాలి. బోల్టు కింద వాషరు ఒక్కటే చాలదు. మందపాటి ఉక్కు ప్లేటు వేయకపోతే రేకు ఫ్లోరు చినిగి బోల్టు పైకి లేస్తుంది.

చక్రాల_కుర్చీ (కడప):
బండి మార్చకుండానే ట్యాక్సీవాళ్లు చేయగలిగినవి చాలా ఉన్నాయి, అవీ రాయండి. కుర్చీ నుంచి సీటులోకి మారగలిగినవాళ్లకు కావలసింది ర్యాంపు కాదు, డిక్కీ. మడిచిన కుర్చీ 30 సెంటీమీటర్ల మందం, ఒక మీటరు పొడవు ఉంటుంది. డిక్కీలో పెద్ద సిఎన్‌జి సిలిండర్ ఉంటే అది పట్టదు. బుకింగ్ ఫోనులోనే ‘సిఎన్‌జి బండేనా, డిక్కీ ఖాళీనా’ అని అడగాలి, డ్రైవరూ నిజం చెప్పాలి. రిమ్స్ గేటు దగ్గర ఎండలో నిలబెట్టి, కుర్చీ పట్టదని బండి తిప్పుకుని పోతే ఆ మనిషి గతేంటి? టాటా టియాగో, టిగోర్‌లలో రెండు చిన్న సిలిండర్లు ఫ్లోరు కింద సర్దారు, అందువల్ల డిక్కీ కొంత మిగులుతుంది.

కుర్చీ ఎక్కించేటప్పుడు ఫుట్‌రెస్టులు ఊడదీసి, కుషన్‌తో కలిపి మనిషి దగ్గరే ఉంచండి. డిక్కీలో దొర్లి పోయేవి అవే. పైన క్యారియర్‌కు కట్టాల్సి వస్తే ఫ్రేముకు కట్టండి, చక్రాల పుల్లలకు తాడు వేస్తే వంగిపోతాయి.

పర్మిట్_పేపర్లు:
అక్కా, డ్రైవరు రానని తిరగబడితే 178(3) కింద ట్యాక్సీకి 500 రూపాయల వరకు, ఆటోకు 50 రూపాయల వరకు జరిమానా ఉంది. చిన్న మొత్తమే అయినా బండి నంబరుతో రాసిచ్చిన ఫిర్యాదు రికార్డులో నిలుస్తుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 41వ సెక్షన్ రవాణాలో అందుబాటు గురించే చెప్తుంది. ఆ ఉల్లంఘనలను రాష్ట్ర కమిషనర్ దృష్టికి తీసుకుపోవచ్చు.

ఇంకో మాట. వైట్ బోర్డు బండిలో ఇలాంటి ఏర్పాటు చేసి డబ్బులకు తిప్పేవాళ్లకు 192ఎ కింద 10,000 రూపాయల జరిమానా, జైలు కూడా పడొచ్చు. అంతకన్నా భయం, ప్రమాదం జరిగితే పాసింజరు నష్టపరిహారం చిక్కుల్లో పడుతుంది.

బత్తలపల్లి_రూటు:
బస్సులకు ఏముంది?

పర్మిట్_పేపర్లు:
2020 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ఉంది: ప్రత్యేక సీట్లు, గుర్తులు, చేతికర్రలు పెట్టుకునే చోటు, పట్టుకునే రాడ్లు, వీల్‌చైర్ ఎక్కించి లాక్ చేసే ఏర్పాటు. ఇవి ఎఫ్‌సిలో చూడాలి.

హంద్రీ_క్యాబ్:
వైకల్యం ఉండి సొంత కారు కొనుక్కునేవాళ్లకు ఇచ్చే జీఎస్టీ రాయితీ ఇంకా లాభమేనా?

పర్మిట్_పేపర్లు:
2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవున్న చిన్న కార్లకు, అంటే పెట్రోలు 1200 సిసి, డీజిల్ 1500 సిసి వరకు, అందరికీ 18 శాతమే. పాత రాయితీ రేటు కూడా అదే కాబట్టి ఆ తేడా పోయింది.

సి_క్యాంపు_షెడ్డు:
బెల్టుల సంగతి మిగిలిపోయింది. కుర్చీకి నాలుగు బెల్టులు, మనిషికి వేరే మూడు పాయింట్ల బెల్టు. కుర్చీ ఎప్పుడూ ముందుకే చూడాలి, పక్కకు తిప్పి కట్టొద్దు. వెనక బెల్టులు ఫ్లోరుకు 30 నుంచి 45 డిగ్రీలు, ముందువి 40 నుంచి 60 డిగ్రీల వాలులో రావాలి. కొక్కెం వేసేది కుర్చీ ప్రధాన ఫ్రేముకే. చేతిపట్టీకి, చక్రానికి, ఫుట్‌రెస్టుకు వద్దు. కుర్చీ బ్రేకును నమ్మొద్దు. ఈ బెల్టుల ప్రామాణిక పరీక్ష గంటకు 48 కిలోమీటర్ల వేగంతో, 20 జి తాకిడితో (అంటే బరువుకు 20 రెట్లు) చేస్తారు. ఆ దెబ్బకు 18 కిలోల కుర్చీ 360 కిలోలంత బలంతో లాగుతుంది, 85 కిలోల బ్యాటరీ కుర్చీ అయితే 1,700. అందుకే మార్కెట్లో దొరికే లగేజీ బెల్టులతో కట్టడం నాకు అసలు ఒప్పుదల కాదు.

నడుము బెల్టు కుర్చీ చేతిపట్టీ పైనుంచి వేస్తే ఒంటికి ఆనదు. చేతిపట్టీ కింది నుంచి తీసి తుంటి ఎముకల మీద వేయాలి.

మన దుమ్ముకు ఫ్లోరు రైలు (బెల్టులు లాక్ చేసే పట్టా) పూడుకుపోతుంది. అప్పుడు లాక్ పడినట్టు కనబడుతుంది కానీ పడదు. వారానికోసారి బ్రష్షుతో రైలులోని దుమ్ము తీయండి, ప్రతి ట్రిప్పుకు ముందు కొక్కెం పట్టుకుని గట్టిగా లాగి చూడండి. బెల్టు అంచు పోగులు లేచినా, ఎండకు గట్టిపడినా, ఒక్క ప్రమాదంలో బరువు పడినా సెట్టు మొత్తం మార్చేయాలి, కుట్టించి వాడొద్దు.