చీజ్ పునుగులు పునుగులేనా?

కృష్ణాతీరం:
నిన్న బెజవాడలో ఒక ఏసీ హోటల్లో చీజ్ పునుగులు తిన్నాను. ఆరు పునుగులు 160 రూపాయలు. మెనూలో పైన 'మన వీధి వారసత్వం' అని పెద్ద అక్షరాలు. అసలు పునుగంటే ఏమిటి? మిగిలిన ఇడ్లీ పిండో దోశ పిండో పులిస్తే ఉల్లిపాయ, జీలకర్ర, కాస్త మైదా కలిపి నూనెలో వదిలేది. ఆ పులుపే దాని ప్రాణం. వీళ్ల దాంట్లో పులుపు లేదు. ఆ పేరెందుకు మరి?

రుచిమొగ్గ:
అన్నా, మిరపకాయ మనదా? పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా ఈ నేల మీదే లేదు. అంటే మిరపకాయ బజ్జీ కూడా ఒకప్పుడు కొత్తదేగా. హైదరాబాద్‌లో చీజ్ దోశ వేసేది బండివాళ్లే. వాళ్లు మార్చితే ముచ్చట, హోటల్ మార్చితే నేరమా?

కృష్ణాతీరం:
మిరపకాయ ఊసు నేనెత్తలేదు తమ్ముడూ. పులుపు గురించి అడిగాను. జవాబు చెప్పు.

పల్నాటి అబ్బాయి:
బజ్జీలో వాము, చింతపండు కూరకపోతే నేనైతే ముట్టను.

రుచిమొగ్గ:
నాకు చిన్న హోటల్ ఉంది, అందుకే చెప్తున్నా. మేం ఏ రోజు పిండి ఆ రోజే వాడతాం. కాగిన నూనె మళ్లీ కాచం. మా నాన్న బండి మీద తిని కామెర్లొచ్చి నెల రోజులు మంచాన పడ్డారు. శుభ్రంగా పెట్టి నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకుంటే తప్పేంటి?

కృష్ణాతీరం:
ఏ రోజు పిండి ఆ రోజే అంటే పులియలేదన్నమాట. నేనన్నదీ అదే!

బండిబిడ్డ:
రెండు రోజులుగా చదువుతున్నా, ఇక ఊరుకోలేను. మా అమ్మ 19 ఏళ్లు బండి మీద పునుగులు వేసింది. ఆ డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను. ఒకరోజు రోడ్డుకి అడ్డమని బండి లారీలో ఎక్కించుకుపోయారు. బాణలి కూడా తిరిగివ్వలేదు. ఏడాది తిరక్కుండా అదే వీధిలో రంగు లైట్లతో ఫుడ్ కోర్టు వెలిసింది. స్టాల్ కావాలంటే అడ్వాన్సు మూడు లక్షలన్నారు. మీరు పులుపు గురించి కొట్టుకుంటున్నారు. మా అమ్మ చెయ్యి అడ్డమైంది, ఆమె వంట మాత్రం వారసత్వమైంది!

రుచిమొగ్గ:
మీ బండి నేను తీయించానా? అద్దె కట్టలేక నేనూ ఏడుస్తున్నా.

బండిబిడ్డ:
మీరు తీయించారని నేననలేదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఉండాలి. మా అమ్మకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మీకు పునుగులు నేర్పిందెవరు?

రుచిమొగ్గ:
మా వంటమాస్టారు. ముందు ఆయనకీ బండి ఉండేది. జీతం బాగానే ఇస్తున్నా.

బండిబిడ్డ:
మెనూలో ఆయన పేరుందా?

రుచిమొగ్గ:
లేదు.

పల్నాటి అబ్బాయి:
అమ్మగారు ఇప్పుడేం చేస్తున్నారండీ?

బండిబిడ్డ:
ఇంట్లో పిండి రుబ్బి టిఫిన్ సెంటర్లకి ఇస్తోంది. సాయంత్రం నాలుగయితే చాలు, ఇప్పటికీ లేచి వీధి గుమ్మంలో నిలబడుతుంది.