గుండు అనే మాట మూలమేమిటి? గుండె, గుండం, గుండీ దానికి చుట్టాలేనా?

దేవరకొండ వాసి:
మా అమ్మమ్మ పుస్తెలతాడుకు పుస్తెలకు అటూ ఇటూ బఠాణీ గింజంత బంగారు గుండ్లు నాలుగు ఉండేవి. అరిగి సొట్టలు పడినా వాటిని ఆమె గుండ్లనే అన్నది గాని ఏనాడూ పూసలనలేదు. మా పెరటి వెనుక ఎద్దుల బండి కన్నా ఎత్తుగా ఉన్న రాయిని కూడా ఆమె గుండు అనే పిలిచేది. రెండు వేళ్ల మధ్య ఇమిడేదానికీ, పదిమంది తోసినా కదలనిదానికీ ఒకే మాట ఎట్లా సరిపోయిందో, గుండె, గుండం, గుండీ కూడా ఈ మాటకు చుట్టాలేనో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

తెలుగు సారు, నకిరేకల్:
గుండు సంస్కృతం నుంచి వచ్చినది కాదు, ద్రావిడ భాషల సొంత మాట. కన్నడంలోనూ గుండే. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కాబట్టి వారు కుండు అని రాసి గుండు అని పలుకుతారు. ఇక పరిమాణం సంగతి. నా దృష్టిలో ఈ మాటకు కావలసింది గుండ్రదనం, గట్టిదనం, బరువు. చిన్నదా పెద్దదా అన్నది దానికి పట్టదు. తుపాకి గుండు, రుబ్బు గుండు, తూనిక గుండ్లు, పడుచువాళ్లు పందెం వేసి భుజానికెత్తే రాతి గుండు, అన్నీ అట్లాంటివే. జాతరలో పిల్లలకు కొనిచ్చే గాలి బుగ్గ ఎంత గుండ్రంగా ఉన్నా దాన్ని గుండు అనము.

మిర్యాలగూడ పాఠకురాలు:
సార్, గుండుమల్లెలో బరువేముంది? గుండుసున్నలో గట్టిదనమేముంది?

తెలుగు సారు, నకిరేకల్:
మంచి ప్రశ్న వేశారమ్మా, నా మాటను సవరించుకుంటాను. మరో మాటకు ముందు విశేషణంగా చేరినప్పుడు గుండు ఆకారాన్ని మాత్రమే చెప్తుంది. గుండు చెంబు కూడా అంతే. ఒంటరిగా వస్తువు పేరుగా నిలిచినప్పుడే బరువు, గట్టిదనం తోడవుతాయి. తల గొరిగించుకుంటే గుండు అనడం నున్నని రాతి పోలికతో వచ్చిందనుకుంటాను.

గుండం మాత్రం వేరు. అది సంస్కృత కుండం నుంచి వచ్చింది, అర్థం గుంట. ఈ తేడా కళ్లారా చూడాలంటే నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టుకు వెళ్లాలి. మాఘమాసపు జాతరలో భక్తులు నిప్పుల మీద నడిచేది అగ్నిగుండంలో, మొక్కు తీర్చుకొని తీయించుకునేది గుండు, ఆ పైన సన్నని సందులోంచి ఒదిగి వెళ్లి శివలింగాన్ని దర్శించుకునేది మూడు గుండ్ల దగ్గర. వినడానికి మూడూ ఒకటే అనిపిస్తాయి గాని, మొదటిదాని పుట్టుక వేరు, తక్కిన రెండూ ఒకే మాట.

గుండెకు పాత రూపం గుండియ. తమిళంలో మూత్రపిండాన్ని కుండిక్కాయ్ అంటారు, మనం గుండెకాయ అంటాము. రెండింటిలోనూ ఆ ‘కాయ’ ఉండడం చూస్తే, ఇది శరీరం లోపలి అవయవాలకు చెందిన వేరే కుటుంబమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రాళ్లను చదివేవాడు, మహబూబ్‌నగర్:
మన దగ్గర ఈ మాటకు ఇంత వాడుక ఉండడానికి నేల కూడా ఒక కారణం. సుమారు 250 కోట్ల ఏండ్ల నాటి గ్రానైటు మొదట నిలువుగా, అడ్డంగా పగిలి దిమ్మెలవుతుంది. నీరు, ఎండ దిమ్మె మూలను మూడు దిక్కుల నుంచి, అంచును రెండు దిక్కుల నుంచి, ముఖాన్ని ఒకే దిక్కు నుంచి తింటాయి కనుక మూలలు ముందుగా కరిగి, ఉల్లిగడ్డ పొరల్లా రాయి ఊడిపోయి, నడుమ గుండు మిగులుతుంది. డిండి మండలానికి గుండ్లపల్లి అనే పేరు కూడా ఉన్నదని గుర్తు చేస్తున్నాను.

నారాయణపేట నుంచి:
మా ఇండ్లలో తెలుగు, కన్నడం రెండూ నడుస్తాయి. అంగీ గుండీని కన్నడంలోనూ, మరాఠీలోనూ గుండి అంటారు, హిందీలో ఘుండీ అన్న మాట ఉన్నది. ఇన్ని భాషల్లో తిరిగిన మాట కాబట్టి, మన గుండుకు ఇది సొంత బిడ్డ అని తేల్చడానికి నేను ఒప్పుకోను.

దేవరకొండ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. సారు చెప్పిన బరువు మాట చదివి మా అమ్మను అడిగాను. బంగారు గుండ్లు లోపల బోలుగా ఉంటాయనీ, నొక్కుకుపోకుండా కంసాలి వాటిలో లక్క నింపుతాడనీ చెప్పింది. అమ్మమ్మ గుండ్లలో ఒకదాని సొట్ట దగ్గర సన్నగా చీలింది. అందులోంచి ఎర్రని లక్క ఇప్పటికీ కనిపిస్తున్నది.