జింక వేట మీద పోయిన ఆసక్తి మళ్లీ వస్తుందా?

ప్రశ్న (బెంగళూరు, వైట్‌ఫీల్డ్)

మిత్రులందరికీ నమస్కారం. నేను అడుగుతున్నది మన దేశంలో వేట గురించి కాదని ముందే మనవి చేస్తున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడ జింకను వేటాడడం నేరం. అది అలాగే ఉండాలన్నది నా అభిప్రాయం కూడా. నేను 17 ఏళ్లు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకుని, నాలుగేళ్ల క్రితం అమ్మానాన్నల కోసం బెంగళూరు వచ్చి స్థిరపడ్డాను. అక్కడ మా పక్కింటి పెద్దాయన నాకు తెల్లతోక జింక వేట నేర్పించారు. ఆగస్టు నుంచే ఆదివారాలు అడవిలో తిరిగి, ఏ ఓక్ చెట్టు కింద కాయలు ఎక్కువ రాలుతున్నాయో, మగ జింకలు ఏ లేత చెట్ల బెరడును కొమ్ములతో గీకాయో, వాగు దాటే చోట గిట్టల గుర్తులు ఎంత కొత్తవో చూసుకుని, గాలివాటాన్ని బట్టి మంచె కట్టేవాళ్లం. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరువాత రెండు వారాల రైఫిల్ వేట మొదలయ్యే రోజుకు ముందు రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు.

ఇప్పటికీ ఏటా ఆ రెండు వారాల్లో కొన్ని రోజులు వెళ్లి వస్తున్నాను కాని, మూడేళ్లుగా మనసు అందులో నిలవడం లేదు. కిందటి ఏడాది ఒక ఉదయం ఏడు దాటాక, తుపాకీ గొట్టం మీద మంచు సన్నగా పేరుకుని ఉండగా, ఒక ఆడ జింక నలభై అడుగుల దూరానికి వచ్చి, ముందు కాలు ఒకటి ఎత్తి పట్టుకుని, చెవులు ఒకదాని తరువాత ఒకటి తిప్పుతూ నిలబడింది. ఆడ జింకకు కావలసిన విడి అనుమతి నా జేబులోనే ఉంది. పూర్వమైతే నా గుండె చప్పుడు నాకే వినిపించేది. ఆ రోజు నేను గడియారం చూసుకున్నాను. జాలిపడి ఆగానంటే అబద్ధమవుతుంది; నాకు ఏమీ అనిపించలేదు, అంతే. అది నెమ్మదిగా వెళ్లిపోయింది.

నాకు నేర్పిన పెద్దాయన మోకాళ్లు అరిగిపోయి మంచె ఎక్కలేకపోతున్నారు, అందువల్ల ఒక్కడినే కూర్చుంటున్నాను. మంచె కూడా ఆయన కొడుకే ముందుగా కట్టి ఉంచుతున్నాడు. కొత్త రైఫిల్, కొత్త బైనాక్యులర్ కొన్నాను, ప్రయోజనం లేకపోయింది. మానేయడానికి మనసు ఒప్పడం లేదు, వెళ్లడానికి కాళ్లు రావడం లేదు. ఇలాంటి స్థితిని దాటి వచ్చినవారు ఉంటే దయచేసి చెప్పండి.

సమాధానం (బెంగళూరు, జయనగర్)

నేను వేట తెలిసిన మనిషిని కాదు. చాలా ఏళ్లుగా కృష్ణజింకల ఫొటోలు తీస్తున్నదాన్ని. అయినా మీ ప్రశ్న రెండుసార్లు చదివాక ఒక సంగతి చెప్పాలనిపించింది. నిద్ర పట్టని రాత్రుల గురించి రాసినప్పుడు మీ మాటల్లో ఓక్ కాయలు, బెరడు మీది గీతలు, వాగు ఒడ్డున గిట్టల గుర్తులు ఉన్నాయి. ఆసక్తి పోయిన రోజుల గురించి రాసినప్పుడు రైఫిల్, బైనాక్యులర్, మరొకరు కట్టిన మంచె ఉన్నాయి. మీరు పోగొట్టుకున్నది ఆ మూడు నెలల వెతుకులాట అని నా నమ్మకం. వెతకకుండా ఎదురైన జింకను చూసి గుండె ఎందుకు కొట్టుకోవాలి?

తుమకూరు జిల్లా మధుగిరి తాలూకాలో, మన హిందూపురానికి దగ్గరగా, మైదనహళ్లి వద్ద జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది. బెంగళూరు నుంచి తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే చేరుకోవచ్చు. కృష్ణజింక నిజానికి జింకల కుటుంబానికి చెందినది కాదు, దాని కొమ్ములు ఏటా రాలవు. కాని గడ్డి మైదానంలో దాని కంట పడకుండా దగ్గరకు వెళ్లాలంటే మీరు నేర్చుకున్న విద్య అంతా కావాలి. మగది తన హద్దుల్లో ఒకే చోట పెంటికలు కుప్పగా వేస్తుంది. ఆ కుప్ప తడిగా ఉందా, ఎండిందా అని వంగి చూడడంతోనే నాకు రోజు మొదలవుతుంది. కిందటి నెల గాలి ఎదురుగా ఉందనుకుని గంటసేపు గట్టు చాటున బోర్లా పడుకున్నాను. గాలి తిరగగానే మందలో ఒకటి నిలువునా గాలిలోకి ఎగిరింది, దాని వెనుక మిగిలినవన్నీ ఎగురుకుంటూ పోయాయి. ఒక్క ఫొటో కూడా దక్కకపోయినా, తిరుగు దారిలో నేను ఎంత సంతోషంగా ఉన్నానో మాటల్లో చెప్పలేను. తుపాకీ మాట మరచిపోయి ఒక్క ఉదయం అక్కడికి వెళ్లండి.

సమాధానం (చెన్నై, వేళచ్చేరి)

నేను కొంత భిన్నంగా చెప్పవలసి వస్తోంది. టెక్సాస్‌లో ఉన్నప్పుడు నేను వేటాడినది మన చుక్కల దుప్పినే. 1930లలో అక్కడికి తీసుకువెళ్లిన దుప్పులు విపరీతంగా పెరిగిపోయాయి. అవి ఆ నేలకు చెందినవి కావు కనుక, లైసెన్సు ఉండి స్థలం యజమాని ఒప్పుకుంటే ఏడాది పొడవునా వేటాడవచ్చు. అక్కడ నాకు ఎలాంటి ఇబ్బంది కలగలేదు. చెన్నై వచ్చాక గిండీ జాతీయ ఉద్యానంలో, దాన్ని ఆనుకుని ఉన్న ఐఐటీ ఆవరణలో అవే దుప్పులు మనుషుల మధ్య మేస్తుంటే రోజూ చూశాను. తరువాత టెక్సాస్ వెళ్లినప్పుడు గురి పెట్టలేకపోయాను. అది నాకు జాలి. జాలి అని నాకు తెలుసు. అందుకే మానేశాను, నేటికీ పశ్చాత్తాపం లేదు.

మీరు జాలి కాదంటున్నారు. ఆ మాట నిజమా కాదా అని మీరు తొందరపడకుండా తేల్చుకోవాలని కోరుతున్నాను. ఒకవేళ లోపల ఎక్కడో జాలే ఉంటే, ఉత్సాహాన్ని బలవంతంగా తెచ్చుకోవడం మీకూ మంచిది కాదు, జింకకూ మంచిది కాదు. మనసు లేని చేయి గురి తప్పుతుంది.

సమాధానం (బెంగళూరు, మారతహళ్లి)

పై మిత్రుని చివరి వాక్యం నా అనుభవం. నేనూ పెన్సిల్వేనియాలోనే వేటాడేవాణ్ణి. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా తొందరపడి కాల్చాను, దెబ్బ వెనుకకు తగిలింది. రాత్రి పది దాకా రాలిన ఆకుల మీద రక్తపు చుక్కలు వెతుక్కుంటూ వెళ్లాను. వాగు దగ్గర జాడ తెగిపోయింది. ఆ జింక దొరకలేదు. రెండేళ్లు తుపాకీ ముట్టలేదు.

నన్ను తిరిగి అడవికి తెచ్చినది చెకుముకి తుపాకీ. క్రిస్మస్ తరువాత మొదలయ్యే ప్రత్యేక కాలంలో అక్కడ చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకీతోనే వేటాడాలి, దానికి అనుమతి కూడా విడిగా తీసుకోవాలి. మీట నొక్కగానే రాయి ఉక్కు రేకును గీకుతుంది, నిప్పురవ్వలు చిన్న పళ్లెంలోని మందు మీద పడతాయి, అది భగ్గుమన్నాక లోపలి మందు అంటుకుంటుంది. ఆ లిప్తపాటు ఆలస్యంలో చేయి కదిలితే గురి పోయినట్టే. మంచుకు మందు చెమర్చితే అసలు పేలదు. ఉన్నది ఒక్క గుండు కనుక, చాలా దగ్గరకు వస్తే తప్ప కాల్చను. రైఫిల్‌తో ఏళ్ల తరబడి అలవాటైన తొందర నాకు దానితోనే పోయింది.

మీ విషయంలో అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉందని నాకు అనిపిస్తోంది. పెద్దాయన మంచె ఎక్కలేరు సరే, మీరు దిగవచ్చు కదా? నేల మీద గుడారం లాంటి చాటు వేసి, రెండు కుర్చీలు పెట్టి, ఆయనను పక్కన కూర్చోబెట్టుకోండి. తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు తప్పనిసరి. ఆ రంగు జింక కంటికి అంతగా ఆనదు, నీలం మాత్రం బాగా కనబడుతుంది కాబట్టి జీన్స్ ప్యాంటు వద్దు. నేల మీద ప్రమాదమల్లా కదలికే. ఆయన మోచేత్తో మిమ్మల్ని పొడిచి కళ్లతోనే ఒక దిక్కు చూపించిన క్షణం మీ గుండె ఎలా ఉంటుందో చూసుకోండి.

మాంసం సంగతి మీరు రాయలేదు. దుకాణానికి ఇచ్చి వచ్చేస్తున్నారని నా ఊహ. ఈసారి సొంతంగా కోయండి. కొవ్వు మైనంలా నోటికి అంటుకుంటుంది కాబట్టి మొత్తం తీసేసి, తొడ మాంసం సన్నగా తరిగి, అల్లం వెల్లుల్లి పట్టించి, గోంగూరతో పెద్దాయన ఇంట్లోనే వండండి. మిగిలినది అన్నార్తుల కోసం ఇవ్వదలిస్తే, 1991 నుంచి ఆ రాష్ట్రంలో వేటగాళ్లు ఇచ్చిన మాంసాన్ని ఆహార నిధులకు చేరవేసే సంస్థ ఉంది.

అడిగినవారి జవాబు

ముగ్గురికీ హృదయపూర్వక నమస్కారాలు. మాంసం విషయంలో మీ ఊహ నిజమే. నాలుగేళ్లుగా నేను కత్తి పట్టలేదు. జాలి గురించి రెండు రోజులు ఆలోచించాను. ఆ ఆడ జింక మళ్లీ ఎదురైతే కాల్చగలనని నాకు తెలుసు, కాల్చాలని మాత్రం లేదు. దీనికి ఏ పేరు పెట్టాలో ఇంకా తేలలేదు కనుక, ఈసారి ఆడ జింక అనుమతి తీసుకోకుండా వెళ్తాను.

శనివారం మైదనహళ్లి వెళ్లి వచ్చాను. తడి పెంటికల కుప్ప దొరికింది, దాని యజమాని కూడా దొరికింది. గాలి వైపు మోకాళ్ల మీద పాకుతూ నూటయాభై అడుగుల దాకా వెళ్లగలిగాను. ఆ రాత్రే పెద్దాయనకు ఫోన్ చేసి, నేల మీద చాటు వేసుకుందామా అని అడిగాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. వాగు అవతలి తెల్ల ఓక్ కిందటి ఏడాది కాయలేదనీ, ఈ ఏడాది కాస్తుందో లేదో ఆగస్టులో ఎవరైనా వచ్చి చూడాలనీ అన్నారు. నా సెలవును రెండుగా విడగొట్టి, ఆగస్టుకు ఒక వారం ఇప్పుడే రాసి ఇచ్చాను.