గోడౌన్‌కి కెమెరాలు: అన్నిచోట్లా 2.8 లెన్సేనా?

కొత్తగోడౌన్: గేటు, అక్కణ్నుంచి లోడింగ్ దాకా పొడుగాటి దారి, లోపల ర్యాకులు, ముందు చిన్న ఆఫీసు. ఇన్‌స్టాలర్ అన్నిచోట్లా 2.8 ఎంఎం లెన్సున్న బుల్లెట్లే (గొట్టంలా ఉండే కెమెరాలు) వేద్దామంటున్నాడు. గేటు దగ్గర లారీ నంబర్ పడాలి నాకు. డోమ్ (గిన్నె బోర్లించినట్టుండేది) మంచిదా, బుల్లెట్టా? నెల రికార్డింగ్‌కి ఎంత హార్డ్ డిస్క్ కావాలి? ఆఫీసులోకి వైఫై కెమెరా చాలా?

షట్టర్‌బాధితుడు: అన్నిచోట్లా 2.8 అన్నాడంటే అతని దగ్గర ఆ స్టాకే మిగిలిందన్నమాట. మాకూ అవే అంటగట్టారు, వెడల్పంతా చూపిస్తాయి గానీ అన్నీ చిన్నగా. దొంగ షట్టర్ ఎత్తాడు, గల్లాపెట్టె ముందు కూర్చుని తాపీగా నోట్లు లెక్కపెట్టుకున్నాడు. అంతా రికార్డయింది. మొహం మాత్రం బియ్యపు గింజంత. స్టేషన్‌లో చూసి "మనిషేనండీ, ఎవరో తెలీట్లేదు" అన్నారు.

లెక్కలమాస్టారు: దీనికి సూత్రం ఉంది, ఎవరూ వాడరు. 1/2.8 అంగుళాల సెన్సార్ (లెన్స్ వెనక బొమ్మ పట్టే చిప్) వెడల్పు సుమారు 5.4 ఎంఎం. దాన్ని దూరంతో హెచ్చించి లెన్స్‌తో భాగించండి. 10 మీటర్ల దగ్గర 2.8 లెన్స్ 19 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. 2 ఎంపీ (మెగాపిక్సెల్) అంటే అడ్డంగా 1920 పిక్సెళ్లు, మీటరుకి 100 వస్తాయి. ముక్కూమొహం తెలియనివాణ్ని గుర్తుపట్టాలంటే 250 ఉండాలని సీసీటీవీల యూరప్ ప్రమాణం ఈఎన్ 62676-4 (2015) చెప్పింది. అదే చోట 12 ఎంఎం పెడితే కనపడేది నాలుగున్నర మీటర్లే, కానీ మీటరుకి 420 పైన.

4కే_వీరుడు: ఇంత లెక్క దేనికి మాస్టారూ? 8 ఎంపీ కొనండి, అదే 2.8తో మీటరుకి 200. కావాల్సినచోట జూమ్ చేసుకోవడమే.

రాత్రిడ్యూటీ: పగలైతే సరే. అదే సైజు సెన్సార్‌లో నాలుగింతల పిక్సెళ్లు కుక్కితే ఒక్కోదానికి అందే వెలుతురు నాలుగో వంతు. చీకట్లో కెమెరా షట్టర్ (ఒక్కో బొమ్మకి వెలుతురు పట్టే సమయం) సెకనులో 1/25కి దిగిపోతుంది, నడిచే మనిషి మసకగా సాగిపోతాడు. ఎంపీ కాదు, సెన్సార్ సైజూ లెన్స్ ఎఫ్ నంబరూ (తక్కువైతే వెలుతురెక్కువ) చూడండి. ఎఫ్ 1.6 బదులు ఎఫ్ 1.0 అయితే రెండున్నర రెట్లు వెలుతురు.

4కే_వీరుడు: మాదాంట్లో రాత్రి కూడా పట్టపగల్లా ఉంటుంది.

రాత్రిడ్యూటీ: గోడ పట్టపగల్లానే ఉంటుంది లెండి, అది కదలదు. ఎవర్నైనా పరిగెత్తించి స్క్రీన్‌షాట్ పెట్టండి.

4కే_వీరుడు: నాకేం పనిలేదా? పాత స్టాకు అమ్ముకునేవాళ్లంతా ఇలాగే మాట్లాడతారు.

రాత్రిడ్యూటీ: నేను అమ్మను సార్. చోరీ జరిగాక ఫుటేజీ తీసి ఇవ్వడం నా పని. మీలాంటి కెమెరాలే ఎక్కువ తగులుతాయి.

తీగలమేస్త్రి: ఇన్‌స్టాలర్ని తిట్టేవాళ్లకి ఒక మాట. కస్టమర్ "అంతా కనపడాలి" అంటాడు. కొటేషన్‌లో ఖరీదైన వేరీఫోకల్ (జూమ్ మార్చుకోగల లెన్స్) రాస్తే పక్కవాణ్ని పిలుస్తాడు. మేమేం చేయాలి?
లారీ నంబర్‌కి విడిగా ఒక కెమెరా పెట్టాల్సిందే తమ్ముడూ, వేరీఫోకల్‌ది. జూమ్ నంబర్ ప్లేటు మీదికి బిగించి కెమెరా షట్టర్ 1/500గానీ 1/1000గానీ పెట్టు. రాత్రి బొమ్మంతా నల్లగా ఉండి ప్లేటొక్కటే ఐఆర్‌కి (కెమెరా వేసే, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుకి) మెరుస్తుంది, భయపడకు, కావాల్సింది అదే. పక్కనుంచి 30 డిగ్రీలు దాటి చూడనివ్వకు. కేబుల్ మాత్రం అసలు రాగిదే వేయించు, పూత రాగి వద్దు.

షట్టర్‌బాధితుడు: పూత రాగి అంటే అల్యూమినియం మీద రాగి రంగు అదేనా? మాది రాత్రి ఐఆర్ వెలగగానే కెమెరా ఆగి మళ్లీ ఆన్ అవుతోంది.

తీగలమేస్త్రి: అదే రోగం. ఐఆర్ వెలిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది, ఆ తీగలో ఓల్టేజి దారిలోనే పడిపోతుంది. పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపడం) 100 మీటర్ల దాకా అనేది మంచి రాగికి చెప్పిన మాట.

సాలెగూడు: అందరూ లెన్సులే మాట్లాడుతున్నారు. ఐఆర్ వెలుగుకి పురుగులు, పురుగుల కోసం సాలెపురుగు. తెల్లారేసరికి ఫుటేజీ నిండా దాని కాళ్లే. మోషన్ అలర్టులకి రాత్రంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. మందు కొడితే రెండ్రోజులు. ఐఆర్ దీపం కెమెరాకి దూరంగా వేరే పెడితే తగ్గింది. డోమ్‌కైతే ఇంకా ఘోరం, గిన్నె మీద దుమ్ము పడితే ఐఆర్ తిరిగి లెన్స్‌లోకే కొడుతుంది.

కొత్తగోడౌన్: హార్డ్ డిస్క్ ఎవరైనా చెప్పండి ప్లీజ్.

లెక్కలమాస్టారు: 4 ఎంబీపీఎస్ (సెకనుకి 4 మెగాబిట్లు) కెమెరా రోజుకి 43 జీబీ తింటుంది, 30 రోజులకి 1.3 టీబీ. కెమెరాల సంఖ్యతో హెచ్చించుకోండి.

4కే_వీరుడు: ఇదిగో స్క్రీన్‌షాట్, అర్ధరాత్రిది. ఇప్పుడు మాట్లాడండి.

రాత్రిడ్యూటీ: ఆగి ఉన్న బండి ఇది.

4కే_వీరుడు: బండి కనపడుతోందా లేదా?