ఫోన్ల లోడు ఒప్పుకోవాలా? కంటైనర్‌కి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మాకు రెండు 32 అడుగుల కంటైనర్లు ఉన్నాయి. ఇన్నాళ్లూ టైర్లు, పెయింట్లు వేసేవాళ్లం. ఇప్పుడు శ్రీపెరంబుదూరు నుంచి ముంబైకి సెల్‌ఫోన్ల లోడు ఇస్తామంటున్నారు. కిరాయి బాగానే ఉంది. కానీ 2020లో నగరి దగ్గర జరిగిన ఫోన్ల దోపిడీని మా డ్రైవర్లు ఇంకా మర్చిపోలేదు.

నా అసలు అనుమానం సీలు గురించి. బోల్ట్ సీల్ (తలుపుకి వేసే, కోస్తే తప్ప ఊడని ఇనుప సీలు) ముట్టుకోకుండానే తలుపు హ్యాండిల్ రివెట్లు ఊడదీసి, సరుకు దించుకుని మళ్లీ బిగించేస్తారట. అలాంటప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉండి ఏం లాభం? ఈ-లాక్ (జీపీఎస్ ఉన్న ఎలక్ట్రానిక్ తాళం) పెడితే తలుపు తీయగానే అలర్ట్ వస్తుందంటున్నారు. దొంగల దగ్గర సిగ్నల్ ఆపేసే జామర్ ఉంటే అదీ మూగబోతుంది కదా! సరుకు మధ్యలో రెండో ట్రాకర్ దాచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇనుప బాక్సు లోంచి సిగ్నల్ అందుతుందా?

ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు 200 కి.మీ.కి ఒక రోజు కాబట్టి పగలే నడిపినా సరిపోతుంది. లోడు ఇచ్చే పార్టీ మాత్రం తొందరపెడుతోంది. ఇద్దరు డ్రైవర్లతో ఆపకుండా నడపడం మేలా, రాత్రి కెమెరాలున్న బంకులో ఆపడం మేలా?

క్యారియర్ లయబిలిటీ పాలసీ (సరుకు పోతే రవాణాదారు మీద పడే బాధ్యతకి బీమా) ఉన్నవాళ్లు, దోపిడీకి క్లెయిమ్ ఇచ్చారో లేదో కూడా దయచేసి చెప్పండి.